మూడవ కేంద్రంలో కృత్రిమ ప్రకంపనలు

కంకిపాడు,
తేది: 14-10-2025.

పటమటలోని భూప్రకంపనల నమోదు పథకం ప్రాంతీయ అధికారి గారి సముఖమునకు, కంకిపాడు వాస్తవ్యుడు, దస్తావేజు లేఖరి అబ్దుల్ రవూఫ్ సమర్పించుకొను నాలుగవ అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంటి వెనుక గదిలో తమరు నెలకొల్పిన భూకంప యంత్రం మూలముగా మా కుమార్తె సిద్రాను పిలుచుటకు వీలులేకపోవుట – తగు ఉత్తర్వులు కోరుట – గురించి.

సూచిక: (1) తమ కార్యాలయపు తాఖీదులు మూడు. (2) నా అర్జీలు మూడు. (3) వాటికి తమరిచ్చిన జవాబులు మూడు. మూడింటిలోనూ ఒకటే వాక్యం. ఆ వాక్యం నాదే.

ముప్పై ఒక్క సంవత్సరములుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట రేకుల పంచలో బల్ల వేసుకుని కూర్చొని, ఊళ్ళోవాళ్ళ దస్తావేజులు, అర్జీలు రాసిపెట్టుచున్నవాడను. ఎదుటివాడి కష్టాన్ని ఒక ఠావు కాగితంలో ఇమిడ్చి చేతికిస్తానని నాకు పేరు. నా సొంత కష్టం దగ్గరికి వచ్చేసరికి ఇది నాలుగో ఠావు. కావున ఈసారి ఉన్నది ఉన్నట్టుగా, వరుస నంబర్లు వేసి విన్నవించుకొనుచున్నాను.

1. గత డిసెంబరులో ములుగు వైపు పుట్టిన భూకంపానికి విజయవాడ అపార్ట్‌మెంట్ల జనం నోట్లో బ్రష్షులతోనే మెట్లు దిగి రోడ్డు మీదికి పరుగెత్తిన సంగతి తమరికి విదితమే. ఆ తర్వాత జనవరిలో తమ ఇంజనీరు దుర్గాప్రసాద్ గారు మా ఇంటికి వచ్చారు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చారు. "రెండు కేంద్రాలు కొండ రాయి మీద ఉన్నాయండీ. మూడోది ఒండ్రు నేలలో కావాలి. మీ వెనక గది సరిగ్గా సరిపోతుంది" అన్నారు.

"రెండు ఉన్నాయి కదండీ, మూడోది దేనికి?" అని అడిగాను.

"ఒక కేంద్రం భూకంపం ఎంత దూరంలో పుట్టిందో చెబుతుందండీ. ఏ దిక్కున పుట్టిందో చెప్పదు. ముందొక అల వస్తది, దాని వెనకాల నెమ్మదైన అల ఇంకోటి. రెండిటికీ మధ్య ఎంత టైము పట్టిందో చూసి దూరం కడతాం. ఆ దూరంతో మ్యాపు మీద కేంద్రం చుట్టూ సున్నా చుడతాం. మూడు సున్నాలూ ఎక్కడ కలిస్తే అక్కడ పుట్టినట్టు. మూడోది లేకపోతే మాకు ఊరు తెలియదు."

నా భార్య సాలేహా టీ ఇస్తూ, "చప్పుడు చేస్తదా అండీ అది?" అంది. "అస్సలు చేయదమ్మా. మనం చేయకుండా ఉంటే చాలు" అన్నారాయన. మొదటి మాటకే మేము సంతోషపడిపోయి రెండో మాట చెవిన పెట్టలేదు. మా తప్పే.

2. అసలు తప్పు వేరే ఉంది. అది కూడా నాదే. దాచుకుని లాభం లేదు.

తమ ఇంజనీరు గారు సంతకానికి తెచ్చినది ఒక్క పేజీ కాగితం. అందులో ఆఖరున, 'ఇంటి యజమాని నెల ముందు తెలియజేసి ఎప్పుడైనను విరమించుకొనవచ్చును' అని ఉంది. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివి, నవ్వి, "ఇదేం కాగితమండీ, సంత రసీదులాగా? సర్కారు వారి యంత్రానికి ఇట్లాంటి కాగితమా? ఉండండి, నేను రాసిస్తాను" అన్నాను. నాకు పని నేర్పిన పెద్దాయన, తలుపు తెరిచి ఉంచిన దస్తావేజు దస్తావేజు కాదనేవాడు. ఆ ఒక్క వాక్యం తీసేశాను. నాలుగు పేజీలు రాశాను. సరిహద్దులతో సహా రాశాను. తమరు నా మూడు అర్జీలకూ జవాబుగా ఎత్తిరాసిన వాక్యం అందులోదే:

'నేటి నుండి పది సంవత్సరముల వరకు నేను గాని, నా వారసులు గాని, మా తరఫు ఇతరులెవ్వరు గాని సదరు ఆవరణలో ఎట్టి ప్రకంపనలు కలుగజేయబోమనియు, ఇందుకు ఎన్నటికిని ఎట్టి అభ్యంతరములు చెప్పబోమనియు, చెప్పినను అట్టివి చెల్లనేరవనియు, ఉల్లంఘించినచో సివిలు, క్రిమినలు చర్యలకు బద్ధుడననియు, స్థిరబుద్ధితో, ఒకరి బలవంతము లేక రాసి ఇచ్చిన ఒప్పంద పత్రము.'

ఎన్ని వందల దస్తావేజుల్లో రాశానో ఆ మాటలు. రాసేటప్పుడు బుద్ధి పని చేయదండీ, చెయ్యి దానంతటదే పోతుంది. దుర్గాప్రసాద్ గారు చదివి, "అబ్బో, సుప్రీంకోర్టు కూడా కదిలించలేదండీ దీన్ని" అన్నారు. నేను మీసం దువ్వుకున్నాను. తన వేలితో తన కన్నే పొడుచుకున్నవాడు నేను తప్ప జిల్లాలో ఇంకొకడు ఉండడు.

నా వారసులు అంటే ఎవరో కాదు. సిద్రా ఒక్కతే. తొమ్మిదేళ్ళ పిల్ల.

3. సిద్రాకు పుట్టుకతో చెవులు వినబడవు. చెవికి యంత్రాలు పెట్టి చూశాము, లాభం లేకపోయింది. విజయవాడలో ప్రత్యేక బడికి ఆటోలో పోయివస్తుంది. చేతులతో మాట్లాడుతుంది, తెలుగు చక్కగా రాస్తుంది, బొమ్మలు వేస్తుంది.

మాది పాతిల్లు. నాపరాళ్ళ కింద ఇసుక కుంగిపోయి నేల బోలుగా ఉంది. ఒక గదిలో కాలు వేస్తే ఆ అదురు ఇల్లంతా పాకుతుంది. మేస్త్రీ ఎన్నోసార్లు రాళ్ళు లేపి ఇసుక కూరుస్తానన్నాడు. వద్దన్నాము. ఎందుకంటే ఆ బోలు నేల మా పిల్లకు చెవి. పాకుతున్న వయసులో సాలేహా చేతిలో నుంచి మందు నూరే కల్వం జారి నేల మీద పడితే, పిల్ల అటు తిరిగి చూసింది. సాలేహా మళ్ళీ కావాలని పడేసింది. మళ్ళీ చూసింది. ఆ రోజు మేమిద్దరం ఆ కల్వాన్ని ఎన్నిసార్లు పడేశామో లెక్క లేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో పిలుపు కాలితోనే. మడమతో రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. అది పిల్ల పేరు. సాలేహా వేస్తే అమ్మ పిలిచిందని, నేను వేస్తే నాన్న పిలిచాడని కూడా తెలుసు దానికి. బరువులో తేడా ఉంటుందట. పక్కింటి పిన్నిగారు, వెనకింటి రావమ్మ గారు, ఆఖరికి గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు కూడా గుమ్మంలో మూడు దెబ్బలు వేసేవాడు.

ఇదంతా జనవరిలో ఇంజనీరు గారికి ఎందుకు చెప్పలేదని తమరు అడగవచ్చు. ఊపిరి పీలుస్తామని ఎవరైనా ముందుగా చెబుతారా అండీ?

4. తాఖీదుల వివరములు:

మొదటిది: 'ప్రతిదినము ఉదయం 6.50 గంటలకు మూడవ కేంద్రంలో మూడు కృత్రిమ ప్రకంపనలు నమోదగుచున్నవి. నిలుపుదల చేయగలరు.' అవి బడికి లేపే దెబ్బలు.

రెండవది రావమ్మ గారి గేదె గురించి. ప్రహరీకి అవతల కట్టేసిన గేదె కాలు విదిలిస్తే అదీ నా ఖాతాలోనే పడింది. గేదెను అవతలి గట్టుకు మార్చమని వెళ్ళి అడిగితే ఆవిడ, "ఏంటి సాయిబు గారూ, చోద్యం కాకపోతేనూ! భూకంపం వచ్చేది గేదెతోనా? మీ మిషను పాడుగానూ, పాలు కావాలంటే మాత్రం ఇదే గేదె కావాల" అని కడిగేసింది. అయినా మార్చింది. మంచిమనిషి.

మూడవది జులై నెల నాటిది. 'సాయంత్రం 4.35కు తొమ్మిది ప్రకంపనలు, తీవ్రమైనవి.' ఆ రోజు సిద్రాకు బడిలో బొమ్మల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఆటో దిగి ఇంట్లోకి వచ్చి ఎగిరింది. తొమ్మిది సార్లు ఎగిరిందని తమ తాఖీదు చూసి తెలుసుకున్నాను.

ఇదే రోడ్డున వరికోత మిషన్లు పోతున్నాయి, ధాన్యం లారీలు గుంటల్లో పడి లేస్తున్నాయి, మా గోడ గడియారం ఊగుతోంది. వాటికి తాఖీదు లేదేమని తమ ఆఫీసుకు ఫోను చేస్తే, సుస్మిత గారనే ఉద్యోగిని, "లారీలు అగ్రిమెంటు మీద సంతకం పెట్టలేదు కదండీ" అన్నారు. పాయింటే. నేనైనా అట్లాగే చెప్పేవాణ్ణి.

నాలుగవ తాఖీదుతో కేసు అని మూడవ దాని అడుగున ఎర్ర అక్షరాలతో ఉంది. ఒప్పందం తప్పి కేసులో ఇరుక్కున్న లేఖరి దగ్గరికి ఒప్పందం రాయించుకోవడానికి ఎవడొస్తాడండీ? నా బల్ల ఎత్తేసుకోవలసిందే.

5. కాబట్టి జులై నుంచి మా ఇంట్లో అందరం దొంగల్లాగా మునివేళ్ళ మీద నడుచుచున్నాము. రోలు మూలపడింది. అల్లం వెల్లుల్లి కూడా సాలేహా కత్తితో తరుగుతోంది. ఇవి చిన్న విషయాలు, అర్జీలో రాయదగినవి కావు.

రాయదగినది ఏమనగా: పిల్లను పిలవడం లేదు. దగ్గరికి పోయి భుజం తట్టాలి. వెనక నుంచి తడితే ఉలిక్కిపడి అరుస్తుంది. లైటు ఆర్పి వెలిగించి చూశాము, కరెంటు ఉంటే కదా. దిండు విసిరితే ఏడ్చింది. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనించి, కళ్ళు గుమ్మం మీద పెట్టుకుని కూర్చుంటోంది. ఎవరు ఎటు నుంచి వస్తారో చూసుకోవాలి కదా. తొమ్మిదేళ్ళ పిల్ల సొంత ఇంట్లో కాపలా కాసుకుంటోందండీ.

మిషను సంగతి చేతులతో చెప్పాము. తల ఊపింది. అర్థమైందనుకున్నాము. వారం తర్వాత దాని నోటుపుస్తకంలో నాకోసం ఒక పేజీ మడిచి పెట్టింది. 'అబ్బాజాన్, నేను ఎగిరినందుకేనా మీరు నన్ను పిలవడం మానేశారు? ఇంక ఎగరను.' ఇంతే రాసింది. ఎదుటివాళ్ళు రాసినవి ఎన్ని చదివుంటాను! ఈ రెండు వాక్యాలకు జవాబు రాయబోతే చెయ్యి 'సదరు ఆవరణలో' అని మొదలుపెట్టింది. కొట్టేశాను.

6. సాంకేతిక మనవి. నాకు చదువు తక్కువ అయినను, దుర్గాప్రసాద్ గారు నెల నెలా వచ్చినప్పుడల్లా అడిగి తెలుసుకున్నాను. యంత్రం లోపల ఒక బరువు తేలుతున్నట్టుగా ఉంటుంది. నేల కదిలితే పెట్టె కదులుతుంది, బరువు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. రెండింటి మధ్య తేడాను గీతగా గీస్తుంది. కిందికీ మీదికీ ఒక గీత, ఉత్తర దక్షిణాలకు ఒకటి, తూర్పు పడమరలకు ఒకటి. బాగుంది. మరి ఆ గీతలో భూకంపానికీ మా మడమకూ తేడా తెలియదా అని అడిగాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "తెలియకేమండీ. కాలి దెబ్బ టక్కున లేచి టక్కున పడిపోద్ది. అసలు దానికి రెండు అలలు ఉండవు. పైగా మిగతా రెండు కేంద్రాల్లో కనబడదు. ఒక్కచోటే కనబడ్డది భూకంపం ఎట్లా అవుద్ది? చిన్నపిల్లాడైనా చెబుతాడు."

"మరి ఈ తాఖీదులేంటండీ?"

"అవి కంప్యూటరు పంపుద్దండీ. నాయిస్ ఎక్కువైన కేంద్రానికి ర్యాంకు తగ్గుద్ది. ర్యాంకు తగ్గితే పైనుంచి మమ్మల్ని అడుగుతారు. నేను చెప్పానని మాత్రం రాయకండి."

రాశాను. ఆయన నన్ను క్షమించాలి. పీకల దాకా మునిగినవాడు ఎవరి చొక్కా దొరికితే ఆ చొక్కా పట్టుకుంటాడు.

7. ఇప్పుడు అసలు సంగతి. గత నెల 21వ తేదీ, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల పద్నాలుగు నిమిషాలు. నేను భోజనం చేస్తున్నాను. సాలేహా వడ్డిస్తోంది. సిద్రా లోపలి గదిలో నేల మీద బోర్లా పడుకుని బొమ్మ వేసుకుంటోంది.

ఉన్నట్టుండి పిల్ల పరుగున వచ్చింది. మొహం మతాబాలా వెలిగిపోతోంది. వాళ్ళమ్మ కొంగు పట్టుకుని, పిలిచావా అని చేత్తో అడిగింది. సాలేహా లేదంది. నా దగ్గరికి వచ్చింది. పిలిచావా? నా చేతికి అన్నం ఉంది, ఎడమ చేత్తో లేదన్నాను. నమ్మలేదు. మా ఇద్దరి పాదాల వంక మార్చి మార్చి చూసింది. వెనక దొడ్లోకి పోయి రావమ్మ గారిని అడిగింది. ఆవిడ కూడా లేదనే ఉంటుంది. తిరిగి వచ్చి, మా వంక చూడకుండా లోపలికి పోయింది. పిల్ల చేష్టలే అనుకుని నేను మజ్జిగ పోయించుకున్నాను.

అరగంటకు దుర్గాప్రసాద్ గారి ఫోను. "రవూఫ్ గారూ, దొరికిందండీ! మూడు కేంద్రాల్లోనూ పడింది! మీ ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే. రెండు పాయింట్ ఆరు!" పెళ్ళి కుదిరినంత సంబరం ఆయన గొంతులో. "మీకేమన్నా తెలిసిందా? ఎవరికైనా తెలిస్తే ఫారంలో రాయాలి."

"మాకేం తెలియలేదండీ" అన్నాను.

ఫోను పెట్టేశాక గాని నాకు వెలగలేదు. ఉన్నపాటున లోపలికి పోయాను. పిల్ల బొమ్మ పక్కకు నెట్టేసి, రెండు అరచేతులూ నేలకు ఆనించి, చెంప కూడా రాతికి ఆనించి పడుకుని ఉంది. ఎవరో పిలిచారు, మళ్ళీ పిలుస్తారు అని. లేవమంటే లేవలేదు. సాయంత్రం మగ్రిబ్ అజాన్ దాకా అట్లాగే ఉంది. నేను కూడా పక్కన కూర్చున్నాను. మనసులో, నా మొహం మండా, ఇంకొక్కసారి కదలవే భూమీ అనుకున్నాను. తమ పథకంలో ఉన్నవారెవరూ భూకంపం రావాలని అంతగా కోరుకుని ఉండరు.

8. తమ నెల నివేదిక నకలు నాకూ పంపారు. అందులో: 'పరిమాణం 2.6. తీవ్రత I. స్థానికుడైన అబ్దుల్ రవూఫ్ గారి వాంగ్మూలం ప్రకారం ప్రజలెవ్వరికీ తెలియలేదు.' మళ్ళీ నా మాటే నా మెడకు చుట్టుకుంది.

ఇంజనీరు గారే చెప్పారు, పరిమాణం వేరు, తీవ్రత వేరు అని. బస్టాండులో మైకు ఎంత గట్టిగా పెట్టారన్నది పరిమాణం, దానికి అంకె ఒక్కటే. ఏ ఇంట్లో ఎంత వినబడిందన్నది తీవ్రత, అది ఇంటింటికీ మారుతుంది. పరిమాణంలో ఒక అంకె పెరిగితే నేల ఊపు పది రెట్లట, బలం ముప్పై రెండు రెట్లట. అది తమ యంత్రం కొలుస్తుంది. తీవ్రత మాత్రం మనుషులను అడిగి రాసుకోవాలి. ఒకటి నుంచి పన్నెండు దాకా రోమన్ అంకెలు. ఎవరికీ తెలియకపోతే ఒకటి. కదలకుండా ఉన్న ఏ కొద్దిమందికో తెలిస్తే రెండు.

అయ్యా, తెలిసింది. మా ఇంట్లో కదలకుండా పడుకున్న ఒక మనిషికి తెలిసింది. రావమ్మ గారితో కలిపి వినబడే మనుషులం ముగ్గురం ఉండి, ఒక్కరికీ తెలియలేదు. నన్ను అడిగారు గాని పిల్లను ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు. నా వాంగ్మూలం తప్పు. రద్దు చేసుకొనుచున్నాను. ఒప్పందం రద్దు చేసుకునే దారి నేనే పూడ్చుకున్నాను, కనీసం ఇదైనా రద్దు కానివ్వండి.

కావున ప్రార్థించుకొనునది ఏమనగా:

(అ) 21-9-2025 నాటి రికార్డులో తీవ్రత I అనునది కొట్టివేసి II అని రాసి, 'కుమారి సిద్రా, వయసు 9, గుర్తించినది' అని చేర్చవలెను.

(ఆ) రోజుకు ఐదుసార్లు, అది కుదరనిచో మూడుసార్లు, అదీ కుదరనిచో ఉదయం 6.50కు ఒక్కసారి, మా కుమార్తెను పేరు పెట్టి పిలుచుకొనుటకు అనుమతి ఇవ్వవలెను. ఏ నిమిషానికి పిలిచామో పుస్తకంలో రాసి నెల నెలా పంపుకొనగలను. నా రాత బాగుంటుంది.

(ఇ) ఇవేవీ కుదరనిచో యంత్రమును వేరే ఒండ్రు నేలకు తరలించవలెను. పదేళ్ళు గడిచేసరికి మా పిల్లకు పంతొమ్మిది వస్తాయి. అప్పుడు పిలవడం మొదలుపెడితే అది ఎవరి పేరో దానికి గుర్తుంటుందా?

వెనుకటి మూడు అర్జీలను చిత్తగించినట్టు గాక, ఈసారి చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఒప్పంద పత్రం నాలుగు పేజీల పర్యంతం విధేయుడు,
అబ్దుల్ రవూఫ్,
దస్తావేజు లేఖరి.

తా.క.: కవరుకు జిగురు రాసి కూడా మళ్ళీ తీశాను. కింద రాసినది అర్జీలో భాగం కాదు, సమాచారం మాత్రమే.

ఈ రోజు సాయంత్రం ఐదు గంటల నలభై రెండు నిమిషాలకు నేను వెనుక వరండాలో, తమ యంత్రం ఉన్న గది గుమ్మంలో నిలబడ్డాను. సిద్రా ముందు గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సాలేహా నా చేయి పట్టుకుని, "వద్దండీ, కేసు పెడతారండీ" అంది. నా పాదాల వంక చూసింది. తర్వాత తనే, "చెప్పులు విడిచి వెయ్యండి. చెప్పులతో వేస్తే దానికి సరిగ్గా తెలీదు" అంది.

విడిచాను. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. వేశాను.

తమ గీతలో పడే ఉంటుంది. తాఖీదు పంపించండి, సంతకం పెట్టి తీసుకుంటాను. కానీ ఆ మూడు గుర్తుల తర్వాత చిన్నచిన్నవి బోలెడు కనబడతాయి, గబగబా, ఒకదానికంటే ఒకటి పెద్దదవుతూ. వాటికి మాత్రం తాఖీదు రాయకండి. అవి మా అమ్మాయి నా దగ్గరికి పరుగెత్తుకొస్తున్న అడుగులు.